డ్యూటీ వాసన

"బట్టలు బయటనే విప్పి బకెట్ల ఎయ్. ఇంట్లకు ఆ వాసన తేకు."

ఎనిమిది నెలలుగా మధ్యాహ్నం మూడు గంటలకు డోర్కాస్‌కు ఇంటి స్వాగతం ఇదే. అత్త ప్రేమమ్మ మంచం దిగకుండానే కిటికీలోంచి చెప్పే మాట. కోపంగా చెప్పదు. కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినట్టు చెబుతుంది. డోర్కాస్ కూడా కోపం తెచ్చుకోదు. గేటు పక్కన ఉన్న బయటి బాత్రూంలోకి పోయి, బూడిదరంగు యూనిఫాం విప్పి సర్ఫు నీళ్లలో నానేసి, షాంపూ పాకెట్ చింపి తల రుద్దుకుని, తడి జుట్టుతో లోపలికొస్తుంది. అప్పటికి సింకులో పొద్దుటి టిఫిన్ ప్లేట్లు, మధ్యాహ్నం అన్నం గిన్నె, ఎవరు తాగారో తెలియని నాలుగు గ్లాసులు ఆమె కోసమే కాచుకుని ఉంటాయి. భర్త జయకర్ కొత్తూరులో ఒక కంపెనీకి వ్యాన్ నడుపుతాడు. పొద్దుటి షిఫ్టు వాళ్లను దింపి పదింటికల్లా ఇంటికొస్తాడు. మళ్లీ బండి తీసేది సాయంత్రం ఐదింటికి. ఆ మధ్య ఏడు గంటల్లో ఒక్క గ్లాసయినా నీళ్లు చూడదు. "నువ్వొస్తవ్ గద అని ఉంచిన," అంటాడు, ఆమె కోసం మామిడిపండేదో దాచిపెట్టినట్టు.

డోర్కాస్ ఎయిర్‌పోర్టులో హౌస్‌కీపింగ్ పని చేస్తుంది. పోయిన ఆగస్టులో ఆమెను పొగతాగే గదికి వేశారు. నాలుగు వైపులా అద్దాలున్న చిన్న గది. లోపల మనుషులు పాలలో మునిగినట్టు నిలబడి ఉంటారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. ఎవరి పొగను వాళ్లు చూసుకుంటూ, ఏ దేశం పోతున్నారో, ఏ దేశం నుంచి వచ్చారో, కాసేపు అవన్నీ మరిచిపోయినట్టు ఉంటారు. ఆమె మాపు పట్టుకుని పోతే కాళ్లు పక్కకు జరుపుతారు, ఆమెను చూడకుండానే. మొదటి వారం దగ్గు వచ్చింది, కళ్లు మండాయి. తర్వాత ఎప్పుడో ఆ గది ఆమెకు కలలా అయిపోయింది. విమానం ఎక్కింది లేదు, ఎక్కేది లేదు. కానీ విమానంలో పోయేవాళ్లు మబ్బు లోపలికి దూరినప్పుడు ఇట్లాగే ఉంటుందేమో అనుకునేది. చుట్టూ తెలుపు, శబ్దం లేదు, పిలిచేవాళ్లు లేరు. అద్దం మీద వేళ్ల మరకలు తుడుస్తూ తుడుస్తూ, తనకు ఇల్లు ఉందన్న సంగతి కూడా ఒక నిమిషం మరిచిపోయేది. నిజం చెప్పాలంటే ఆ ఒక్క నిమిషమే ఆమె రోజంతటిలో విశ్రాంతి.

మొదటి రోజు ఇంటికి వచ్చి తనే నవ్వుతూ చెప్పింది, "నా బట్టలు వాసన చూడండ్రి, ఎంత కంపో!" ఆ నవ్వే కొంప ముంచింది. అప్పటినుంచి ఇంట్లో ఎక్కడ పొగ వాసన వచ్చినా అది డోర్కాస్‌దే. దుప్పటికి వాసన, పరదాలకు వాసన, సోఫా దిండుకు వాసన. "నువ్వు లేనప్పుడు సుత ఇంట్ల నీ వాసననే తిరుగుతది," అనేది ప్రేమమ్మ ముక్కు మీద కొంగు పెట్టుకుని. డోర్కాస్‌కు ఆ మాట వింతగా తోచేది. తను అక్కడ అద్దాలు తుడుస్తుంటే, ఇక్కడ తన వాసన ఒక్కతే చెప్పుల్లేకుండా గదులన్నీ తిరుగుతున్నట్టు, మంచం మీద కూచున్నట్టు, ఫ్యాను కింద పడుకున్నట్టు ఊహించుకునేది. ఇంట్లో తీరిగ్గా కూచునేది అదొక్కటే కదా అనుకుని లోపల్లోపల నవ్వుకునేది కూడా.

కానీ అన్నీ నవ్వుకునేవి కాదు. ఆదివారం చర్చిలో ముందు వరుస చాప మీద కూచునే డోర్కాస్ తనంతట తానే వెనక తలుపు దగ్గరికి జరిగింది, పక్కవాళ్లు జరగకముందే. దుప్పట్లకు వాసన అంటుతుందని రాత్రిళ్లు పడుకోను ముందుగదిలో వేరే చాప వేసుకుంది. "జర కొన్ని దినాలు గంతే," అన్నాడు జయకర్, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

అన్నిటికంటే కష్టం జోయెల్ సంగతి. జోయెల్ ఆమె ఒక్కగానొక్క కొడుకు. తొమ్మిదో తరగతి, పద్నాలుగేళ్లు. ఆదివారం సాయంత్రాలు వాడు ఆమె కాళ్ల దగ్గర కూచుంటే తలకు నూనె పెట్టేది. పొడుగయ్యాడు, మీసం నలుపు తిరుగుతోంది, అయినా ఆ ఒక్క పూట తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకునేవాడు. సెప్టెంబరులో ఒకరోజు ఆమె నూనె సీసా తెచ్చి కూచుంటే వాడు పక్కకు జరిగాడు. "అమ్మా, జర దూరం కూసో. నీ దగ్గర డ్యూటీ వాసనొస్తుంది," అని నవ్వాడు. ఆమె కూడా నవ్వి, చేతికి పోసుకున్న నూనె తన జుట్టుకే రాసుకుని లేచింది. అంతే. ఆ తర్వాత కొడుకును దగ్గరకు తీసుకోలేదు. తీసుకుంటే తన కంపు బిడ్డకు అంటుతుందని భయం. జ్వరం వచ్చినప్పుడు కూడా చెయ్యి చాచి, ముఖం పక్కకు తిప్పుకుని నుదురు చూసింది.

మార్చిలో ఒంటిపూట బడులు మొదలై, జోయెల్ మధ్యాహ్నానికే ఇంటికి వచ్చేస్తున్నాడు. అదే వారం సూపర్‌వైజర్ అమ్మాయి ఆమెను పిలిచి, "డోర్కాస్ గారూ, రేపటి నుంచి మీరు బేబీ కేర్ రూమ్ చూసుకోండి," అంది. చంటిపిల్లల తల్లులు పాలిచ్చుకునే గది. గులాబి గోడలు, మెత్తటి కుర్చీ, పౌడరు వాసన. ఇంట్లో చెబుదామనుకుంది. చెప్పడానికి ఎవరైనా ఒక్క మాట అడగాలి కదా. ఈ రోజు డ్యూటీ ఎట్లుంది అని ఈ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అడగలేదు. చెప్పకుండానే నాలుగు రోజులు గడిచాయి, ఆరు రోజులు గడిచాయి.

పదో రోజు ఆమె గేటు తీస్తుండగానే కిటికీలోంచి ప్రేమమ్మ గొంతు వచ్చింది. "ఏందే, ఈ నాలుగు దినాల సంది నీ వాసన మరింత ఎక్కువైంది! నెత్తి నొస్తుంది నాకు."

డోర్కాస్ బకెట్ దగ్గరే నిలబడిపోయింది. అంటే ఇక పోదన్నమాట. బట్టలది కాదు, జుట్టుది కాదు. ఒంట్లోకి దిగిపోయింది, రక్తంలో కలిసింది. ఆ రోజు రెండు సార్లు స్నానం చేసింది. మోచేతులు ఎర్రబడేదాకా పీచుతో రుద్దుకుంది. రుద్దుకుంటూ ఏడ్చింది, నీళ్ల చప్పుడు పెద్దగా వచ్చేలా నల్లా పూర్తిగా తిప్పి.

మర్నాడు బేబీ కేర్ రూమ్‌లో పని అయ్యాక, పక్క టాయిలెట్లు చూసే తారాబాయి టీ ఫ్లాస్కు తెచ్చింది. మామిడిపల్లి నుంచి వస్తుంది, యాభై దాటిన మనిషి, నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. డోర్కాస్ కాసేపు తటపటాయించి అడిగేసింది.

"తారక్కా, నన్నొకసారి వాసన చూస్తవా?"

"ఏంది?"

"నా మెడ కాడ, నెత్తి కాడ. పొగ వాసనొస్తుందా చెప్పు. నిజం చెప్పాలె."

తారాబాయి నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగింది. టీ కప్పు కింద పెట్టి, దగ్గరకొచ్చి, రెండు చేతులతో తల పట్టుకుని, పాపిట్లో ముక్కు పెట్టింది. తర్వాత మెడ దగ్గర. తర్వాత అరచేతులు తిప్పి చూసింది. ఎన్నాళ్లయిందో ఒక మనిషి తనను ఇంత దగ్గరగా పట్టుకుని. డోర్కాస్ కళ్లు మూసుకుంది.

"పాలపొడి వాసనొస్తుంది. షాంపూ వాసన. ఇంకేం లేదు పిల్లా. ఎవరన్నరు నీకు?"

సగం పూట సెలవు అడిగి బయటపడింది. స్టాఫ్ బస్సు హైవే మీద దింపేసరికి ఎండ తెల్లగా కాస్తోంది. షేర్ ఆటోలో చివర కూచుని, గాలికి కొంగు ఎగురుతుంటే అట్లాగే వదిలేసింది. ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. డిసెంబరులో జోయెల్ స్కూల్ చొక్కా ఉతుకుతుంటే జేబులో లవంగాలు, పుదీనా బిళ్ల కాగితాలు దొరికాయి. పంటినొప్పేమో పాపమని లవంగ నూనె కొనుక్కొచ్చి, "నొప్పి తగ్గిందా నాన్నా?" అని వారం రోజులు అడిగింది. "ఆ, తగ్గింది," అన్నాడు వాడు. వాడి దిండు గలీబుకు వాసన వస్తే తన చేతుల్నే అనుమానించింది. వాడి వేలి సందుల్లో పసుపు మరక చూసి ఆవకాయ అనుకుంది. అనుకుందా, అనుకోవాలని అనుకుందా? కొడుకు నోట్లో పొగ ఉందని నమ్మడం కంటే తన ఒళ్లే కంపు అని నమ్మడం తేలికైంది. ఇంట్లో పాలు పొంగినా, బల్బు మాడినా, ఎవరికైనా మార్కులు తగ్గినా, ముందు తన చేతులు చూసుకునే అలవాటు ఆమెది. ఆ అలవాటే ఎనిమిది నెలలు కొడుకును కాపలా కాసింది. ఆటో గతుకుల్లో ఊగుతుంటే ఆమెకు తన మీద తనకే జాలి, ఆ వెనకే మంట.

గేటు తీసింది. "గప్పుడే వచ్చినవా? బట్టలు..." అని కిటికీలోంచి ప్రేమమ్మ మొదలుపెట్టింది. డోర్కాస్ ఆగలేదు. డాబా మెట్ల కింద జోయెల్ చెప్పులు కనపడ్డాయి. యూనిఫాంతోనే మెట్లెక్కింది.

ఇంటి మీదుగా విమానం దిగుతోంది. ఆ హోరులో ఆమె అడుగులు ఎవరికీ వినపడలేదు. నీళ్ల ట్యాంకు నీడలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ఒకదానిలో జయకర్, గోడ మీద కాళ్లు పెట్టుకుని ఫోన్ చూస్తున్నాడు. ఇంకోదానిలో జోయెల్. స్కూల్ చొక్కా, తెరిచిన గుండీ, వేళ్ల మధ్య సిగరెట్. చిన్నప్పుడు వేడిపాలు ఊదుకునేటప్పుడు పెట్టినట్టే పెదాలు గుండ్రంగా పెట్టి పొగ వదిలాడు. అది తండ్రి ముఖం మీదుగా మెల్లగా పోయింది. జయకర్ చేత్తో విసురుకున్నాడు, ఈగను విసిరినట్టు. ఇద్దరూ ఎంత హాయిగా ఉన్నారో. ఒక్క క్షణం ఆమెకు తను మళ్లీ అద్దం ఇవతల నిలబడి చూస్తున్నట్టనిపించింది. విమానం దాటిపోయింది. జోయెల్ ఆమెను చూశాడు.

"అమ్మా..."

సిగరెట్ కిందపడింది. జయకర్ కాళ్లు దించి, ముందు మెట్ల వైపు చూశాడు.

"లొల్లి చెయ్యకు. కింద మా అమ్మ ఉన్నది."

"ఎప్పటి సంది?" అంది డోర్కాస్.

"పోయిన వానకాలం నుంచి. స్కూల్ బయట దోస్తుగాళ్లతోని తాగుతుంటే నేనే చూసిన. కొడితే ఇల్లిడిచి పోతడు. బయట ఎక్కడనో తాగి చెడిపోయేకంటే నా కండ్ల ముందట దినానికి ఒక్కటి తాగమన్న. నేను సుత గదే ఈడుల మొదలుపెట్టిన, ఇప్పుడు మానలేదా? మగపిల్లగాడు. రెండేండ్లయితే వాడే ఇడిచిపెడ్తడు."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఊకుంటవా నువ్వు?"

"మరి అత్తమ్మకు వాసనొస్తుంటే?"

జయకర్ భుజాలు ఎగరేశాడు. అబద్ధమైనా ఆడలేదు. ఆడాల్సినంత పెద్ద సంగతిగా అతనికి కనపడలేదు. "నీ డ్యూటీ ఉండె గద. అది నీ మీద పోతుండె. ఎవ్వరికీ నష్టం లేదు."

ఎవ్వరికీ నష్టం లేదు. డోర్కాస్ ఆ మాటను లోపల ఒకసారి తిప్పి చూసుకుంది. తలుపు దగ్గర కూచున్న ఆదివారాలు, ముందుగదిలో చాప, జ్వరంతో కాలుతున్న కొడుకు నుదుటికీ తనకూ మధ్య చాచిన చెయ్యి పొడవు. కోపం వచ్చింది. ఎన్నేళ్లకో వచ్చింది, ఒళ్లంతా వెచ్చగా, దాదాపు సంతోషంలా.

"పదకొండు దినాలైంది నేను పొగ గదిల లేక. చంటిపిల్లల గదిల ఉన్న. అడిగినవా ఒక్కనాడన్నా?"

జయకర్ చేతిలోని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"నువ్వు వానికి సిగరెట్ కొనియ్యలేదు, ఒప్పుకుంట. దాసుకునేటందుకు నన్నిచ్చినవ్."

గొంతు పెంచలేదు. జోయెల్ తల దించుకుని చొక్కా అంచు నలుపుతున్నాడు. ఆమె వాడి దగ్గరకు పోయింది. వాడు కొడుతుందేమోనని భుజాలు ముడుచుకున్నాడు. ఆమె రెండు చేతులతో వాడిని పట్టుకుని గుండెకు హత్తుకుంది. వాడు ఆమెకంటే బెత్తెడు పొడుగయ్యాడు, ఎప్పుడయ్యాడో ఆమె చూడనే లేదు. జుట్టులో, చెవి వెనక, చొక్కా కాలరులో పొగ గుప్పుమంది. ముఖం తిప్పుకోలేదు. గట్టిగా పీల్చింది. వాడు గింజుకోబోయి ఆగిపోయాడు. కాసేపటికి ఆమె భుజం తడిసింది.

"రేపు నేను సెలవు పెడ్తున్న," అంది వాడి తల మీదుగా. "దవాఖానకు పోతం, ముగ్గురం. ఇది ఎట్ల ఇడిపించాల్నో అడుగుదాం. ఇడిపించేదాంక నేను అడుగుతనే ఉంట, నువ్వు తిట్టుకున్నా సరే, మీ డాడీ తిట్టుకున్నా సరే." తర్వాత వాడిని కొంచెం దూరంగా పట్టుకుని ముఖంలోకి చూసింది. "ఇప్పుడు కిందికి పో. ఈ వాసన ఎవరిదో నాయనమ్మకు చెప్పు. నేను చెప్ప."

"నేను చెప్తలే," జయకర్ కుర్చీలోంచి లేవబోయాడు.

"నువ్వు కూసో."

అతను కూచున్నాడు. జోయెల్ ముఖం తుడుచుకుని మెట్ల దాకా పోయి ఆగాడు, వెనక్కి చూశాడు. ఆమె చేత్తో కిందికి చూపించింది. వాడు దిగాడు. డోర్కాస్ పిట్టగోడ పట్టుకుని నిలబడింది. ఎయిర్‌పోర్టు వైపు ఆకాశం పాలిపోయి ఉంది, ఆ కాసేపు ఏ విమానమూ రాలేదు. కింద తలుపు కిర్రుమంది. ప్రేమమ్మ ఏదో అడిగింది. తర్వాత సగం మగవాడిదీ సగం పిల్లవాడిదీ అయిన గొంతు, మధ్యలో జీరపోతూ, మెట్ల మీదుగా పైకి వచ్చింది.

"అది అమ్మది కాదు నాయనమ్మా. నాది."