మాస్టారి రొయ్యల కుడుములు

మోక్ శింగ్‌కి ఒళ్లు మండిపోతోంది. ఇరవై రెండేళ్లుగా ఈ క్వాంగ్‌చౌ టీ దుకాణంలో రోజూ తినడానికొచ్చే తోంగ్ మాస్టారు పొద్దున్నే అడిగేది మోక్ చేతి రొయ్యల కుడుములే. ఆరునెలల కిందట ఆ-ఛింగ్ అనే పిల్ల వంటింట్లో చేరింది. అప్పటినుంచి మాస్టారు ఆమె చేసే పందిమాంసం కుడుములు లొట్టలేసుకుని తింటున్నాడు. రొయ్యల బుట్ట తెప్పించుకుంటాడు గానీ తింటున్నంతసేపూ దాని మూతైనా తీయడు.

వంటింటి కిటికీలోంచి ఇదంతా చూస్తూ పళ్లు కొరకడమే మోక్ పనైపోయింది. నెలరోజులుగా మణికట్టు వాచి, రొయ్యల కుడుముల్లో సగం ఆ-ఛింగ్ చేతనే చుట్టిస్తున్నాడు. ఆమెది ఎడమచేతి వాటం, మడతలు ఎడమకి వాలతాయి. మాస్టారికి మాత్రం తనవే వెళుతున్నాయని అతని నమ్మకం.

"గురువుగారూ, టీ" అని ఆ-ఛింగ్ రోజూ మోక్ కప్పు నింపుతుంది. టీ పోసినవాళ్లకి రెండు వేళ్లతో బల్ల తట్టి కృతజ్ఞత చెప్పడం అక్కడి మర్యాద. మోక్ ఆరునెలల్లో ఒక్కసారీ తట్టలేదు.

ఆ రోజు ఉండబట్టలేక బయటికొచ్చేశాడు.

"ఏం మాస్టారూ, నా బుట్టలో పురుగు పడిందా?"

"కూర్చోవయ్యా. ఈ కుడుముల్ని దిమ్ సమ్ అంటాం కదా, ఆ మాటకి అర్థమేంటో చెప్పు."

"నన్నే అడుగుతారా? మనసును తాకేది."

"తాకేదే, నింపేది కాదు. వెనకటికి తాంగ్ రాజుల కాలంలో ఒకావిడ, 'నా ముస్తాబింకా అవలేదు, ఈలోగా కాస్త నోట్లో వేసుకోరా' అని తమ్ముడితో అందట. ఆ 'నోట్లో వేసుకో' అన్నచోట ఆవిడ వాడింది ఈ దిమ్ సమ్ మాటేనయ్యా. మా ఆవిడా అంతే. 'తల దువ్వుకోవాలి, నువ్వెళ్లి తిను' అనేది. ఆరునెలలుగా మంచం దిగట్లేదు. ఈ బుట్ట ఆవిడకే. నీ చేతివి తప్ప ఇంకేం ముట్టదు."

మోక్ ఛాతీ ఉబ్బింది. పొట్లం కట్టడానికి మాస్టారు మూత తీశాడు.

"ఈ నెలరోజులుగా మరీ ఇష్టంగా తింటోందయ్యా."

మోక్ బుట్టలోకి చూశాడు. మడతలన్నీ సన్నగా, ముచ్చటగా ఉన్నాయి. అన్నీ ఎడమకే వాలి ఉన్నాయి.

మూత మళ్లీ వేసేశాడు.

"అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి" అని లోపలికొచ్చేశాడు.

ఆ-ఛింగ్ కప్పు నింపింది. మోక్ వాచిన చేతి వేళ్లు రెండూ బల్ల మీద తట్టాడు.

"ఏంటి గురువుగారూ, ఇవాళ కొత్తగా?"

"ఏం లేదు. చెయ్యి లాగుతోంది. నువ్వు పోయి పని చూసుకో."

అసూయ తగ్గలేదు. ఇంకా పెరిగింది. రేపటి నుంచి మాస్టారి బుట్టకి ఆ పిల్ల చుట్టినవే పెట్టమని మాత్రం వడ్డించేవాళ్లకి తనే చెప్పాడు.