సారక్క దిగిన సముద్రం

చొప్పదండిలో పురుగుమందుల దుకాణం నడిపే సుధాకర్ ఆ ఏడాది కంపెనీ పెట్టిన టార్గెట్ దాటాడు. బహుమతిగా అతన్నీ, భార్య నవీననూ ఫిజీ దేశం తీసుకుపోతామని కంపెనీ చెప్పింది. ఇంకా టికెట్లు తీయకముందే నవీన స్కూటీ మీదినుంచి పడి కాలు విరగ్గొట్టుకుంది. వాళ్ల బదులు చుట్టాల్లో ఎవరినైనా పంపుకోవచ్చన్నారు. చుట్టాలందరిలో పాస్‌పోర్టు ఉన్నది ఇద్దరికే. మందమర్రిలో ఉండే అక్క సారక్కకూ, బావ గట్టయ్యకూ. రెండేళ్ల కింద నేపాల్ యాత్ర కోసం తీసుకున్నారు. నేపాల్‌కు పాస్‌పోర్టు అక్కర్లేదన్న సంగతి సరిహద్దు దాటాక తెలిసింది.

"ఊకెనే పడి ఉన్నయి గద బావా, పోయి రార్రి" అన్నాడు సుధాకర్ ఫోన్‌లో.

"ఏమున్నదక్కడ?" అని అడిగాడు గట్టయ్య.

"సముద్రం."

"ఇంకేమున్నది?"

"గంతే అనుకుంట."

గట్టయ్య ముప్పైనాలుగేళ్లు బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. అందులో ఇరవై ఏళ్లు రెస్క్యూ జట్టులో ఉన్నాడు. బాయిలో గ్యాసు పట్టినా, నిప్పంటుకున్నా అందరూ పైకి వస్తుంటే, వీపుకు గాలి సిలిండరు కట్టుకుని కిందికి దిగేది ఆ జట్టే. కొత్తవాళ్లు కలిస్తే మొదటి పది నిమిషాల్లో ఈ సంగతి చెప్పేవాడు. పాతవాళ్లకు కూడా చెప్పేవాడు.

మూడు విమానాలు మారి, ఒక బస్సెక్కి, రెండున్నర గంటలు పడవలో కూర్చుంటే ఆ దీవి వచ్చింది. దీవి మీద ఒక రిసార్టు, అవతలి ఒడ్డున ఒక ఊరు, మధ్యలో కొబ్బరిచెట్లు ఉన్నాయి. బుక్ చేసినప్పుడు కంపెనీవాళ్లు ధర చూశారుగాని కింద రాసింది చదవలేదు. అది సముద్రంలో మునిగి చేపలు చూసేవాళ్ల కోసం కట్టిన రిసార్టు. అక్కడ టీవీ లేదు, బజారు లేదు. మొదటిరోజు మధ్యాహ్నానికల్లా వచ్చిన ఎనిమిది జంటల్లో మగవాళ్లు, గట్టయ్య తప్ప అందరూ డీలర్లే, చెట్టు కింద దుప్పటి పరిచి, ముక్కలు పంచుకుని పత్తాలాట మొదలుపెట్టారు. ఆడవాళ్లు ఎవరు ఏ తొక్కు తెచ్చారో పచ్చడి సీసాల మూతలు తీసి చూసుకున్నారు.

మరునాడు పొద్దున పడవ నడిపే సెమీ వాళ్లను అవతలి ఊరికి తీసుకుపోయాడు. దీవి చుట్టూ ఉన్న సముద్రం ఆ ఊరివాళ్లది. వాళ్లను అడగకుండా అందులో ఎవరూ దిగకూడదు. సెమీ చిన్నప్పుడు చెరుకు తోటల పక్కన, హిందీ మాట్లాడేవాళ్ల నడుమ పెరిగాడు. గట్టయ్య హిందీ బాయిలో బిహారీల దగ్గర నేర్చుకున్నది. ఒకరి మాట ఒకరికి ముప్పాతిక అర్థమయ్యేది.

ఊళ్లోకి పోయేటప్పుడు టోపీలు తీసేయాలనీ, మగవాళ్లు లుంగీ లాంటి సులు కట్టుకోవాలనీ సెమీ చెప్పాడు. లుంగీ విషయంలో డీలర్లకు ఏ ఇబ్బందీ కలగలేదు. ఊరి పెద్ద చాప మీద కూర్చుని ఉన్నాడు. సెమీ ఎండిన కావా మొక్క వేర్ల కట్ట ఆయన ముందు పెట్టి, తల వంచి, వచ్చినవాళ్ల తరఫున అనుమతి అడిగాడు. పెద్దాయన కట్టను తాకి చేతులు దొప్పలా చేసి చప్పట్లు కొట్టాడు. తర్వాత వేర్ల పొడిని గుడ్డలో పోసి, కొయ్య గంగాళంలోని నీళ్లలో పిసికి, కొబ్బరి చిప్పతో ఒక్కొక్కరికీ అందించారు. తాగేముందు ఒక చప్పట, తాగాక మూడు.

ఆసిఫాబాద్ డీలరు హనుమండ్లు తాగి, "ఇది కల్లు గాదు, సారా గాదు. వాగుల కాళ్లు కడిగిన నీళ్ల లెక్కున్నది" అన్నాడు. అంతలో అతని నాలుక మొద్దుబారింది. తర్వాత గంటసేపు మాట్లాడలేదు. అందరికీ కొంచెం హాయిగా ఉంది.

తామూ మైసమ్మకు మొక్కకుండా బాయిలో దిగేవాళ్లం కాదని గట్టయ్య పెద్దాయనకు చెప్పాడు. సెమీ దాన్ని వాళ్ల భాషలో చెప్పాడు. బాయిలో ఏముంటుందని పెద్దాయన అడిగాడు. బొగ్గు ఉంటుందని చెప్పాడు. చేపలుండవా అని అడిగాడు. ఉండవన్నాడు. పెద్దాయన జాలిగా తలాడించి అతనికి ఇంకో చిప్ప పోయించాడు.

రిసార్టుకు తిరిగి వచ్చాక, నీళ్లలో దిగేదెవరని లితియా అడిగింది. ఆమె పెద్దాయన తమ్ముడి కూతురు. డైవింగ్ నేర్పడం ఆమె పని. డీలర్లు పత్తాల్లోంచి తలెత్తలేదు. గట్టయ్య చెయ్యెత్తాడు.

దిగేముందు ఒక కాగితం నింపాలి. అది ఇంగ్లీషులో ఉంటే, వాళ్లను తీసుకొచ్చిన కంపెనీ ఏరియా మేనేజర్ పద్మలత తెలుగులో చదివి అడిగింది.

"అంకుల్, గుండె జబ్బేమన్న ఉందా?"

"లేదు."

"చెవుల నొప్పి?"

"లేదు."

"ఊపిరితిత్తులల్ల ఏమన్న?"

"జబ్బు లేదు. జర దుమ్మున్నది."

పద్మలత కాగితం మీదినుంచి తలెత్తింది.

"బొగ్గు దుమ్ము," అన్నాడు గట్టయ్య. "మా దగ్గర అందరికుంటది."

"డాక్టర్ ఏమన్నరు?"

అతనికంటే ముందే పక్కనున్న సారక్క, "మెట్లెక్కొద్దన్నడు" అంది.

డాక్టరు సంతకం లేనిదే దింపనని లితియా చెప్పింది. డాక్టరు రెండున్నర గంటల పడవ దూరంలో ఉన్నాడు. గట్టయ్య తన ఇరవై ఏళ్ల రెస్క్యూ పని సంగతి సెమీకి హిందీలో మొదటినుంచి చెప్పాడు. సెమీ లితియాకు చెప్పాడు. ఆమె చేతులు కట్టుకుని, మర్యాదగా, చివరిదాకా విని ఒక్క మాట అంది.

"నహీ" అన్నాడు సెమీ.

తర్వాత లితియా సారక్క వైపు తిరిగింది. ఆమె దిగుతుందా అని అడిగింది. పద్మలత అవే ప్రశ్నలు అడిగింది. సారక్క అన్నిటికీ లేదనే చెప్పింది.

"ఈత వస్తదా ఆంటీ?"

"వస్తది."

గట్టయ్య తిరిగి చూశాడు. "నీకు ఈతొస్తదా?"

"వస్తది."

"ఏడ నేర్సినవ్?"

"బాయిల."

"ఏ బాయిల?"

"మా అవ్వగారింటి మోట బాయిల. ఒడ్డు మీదికెల్లి దునికెటోళ్లం."

"ముప్పైఆరేండ్లల్ల నాకెన్నడు చెప్పలే."

"నువ్వెన్నడు అడుగలే."

"ఇప్పుడెందుకే నీకు?"

"ఊకె కూసుండి ఏం జెయ్యాలె? తొక్కులన్ని జూసుడైంది."

ఆ సాయంత్రం లితియా ఆమెను నడుములోతు నీళ్లలో కూర్చోబెట్టి, నోటి గొట్టంతో గాలి పీల్చడం, ముఖానికి పెట్టుకున్న అద్దంలోకి వచ్చిన నీళ్లు పోగొట్టడం నేర్పింది. గట్టయ్య ఒడ్డున నిలబడి సలహాలిచ్చాడు. నీళ్ల కింద అవి వినపడలేదు.

మరునాడు పొద్దున పడవలో నలుగురే ఉన్నారు. సారక్క పుస్తెలతాడు లోపలికి వేసుకుని, నల్ల రబ్బరు సూటు జిప్పు మెడదాకా లాక్కుంది. గట్టయ్య సిలిండరును చేత్తో తట్టి చూశాడు, మీటరు చూశాడు, గొట్టంలోంచి కొంచెం గాలి వదిలి వాసన చూశాడు. అతను చూడటం అయ్యేదాకా లితియా ఆగింది. అతనికి ఒక్కటే నచ్చలేదు. బాయిలో వాడే సెట్టులో విడిచిన గాలి శుభ్రమై మళ్లీ తిరిగొస్తుంది. ఇక్కడ బుడగలై పోతోంది.

"దండుగ" అన్నాడు. తర్వాత సారక్కతో, "ఊపిరి బిగవట్టకు. పరేషాన్ గాకు" అన్నాడు.

"సరే" అంది సారక్క. లితియా చెప్పినట్టు పడవ అంచున వెనక్కి వాలి నీళ్లలో పడింది. వెనకే లితియా దిగింది.

కింద నలభై నిమిషాలుంటారని సెమీ చెప్పాడు. గట్టయ్య గడియారం చూసుకున్నాడు. బుడగల జాడలు రెండు పక్కపక్కనే పోతున్నాయి. చిన్నది సారక్కదని అతను నిర్ణయించుకున్నాడు. సెమీ ఉడికించిన కర్రపెండలం డబ్బా తీసి ఒక ముక్క ఇచ్చాడు. గట్టయ్య దాన్ని చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

ముప్పై నిమిషాలప్పుడు వాన వచ్చింది. చినుకులు పడి సముద్రమంతా బుడగలే అయింది. ఏవి చినుకులో, ఏవి సారక్కవో తెలియలేదు. గట్టయ్య లేచి నిలబడ్డాడు. పడవ ఊగింది. కూర్చోమన్నాడు సెమీ. కూర్చున్నాడు. సిలిండరులో గాలి ఎంతసేపు వస్తుందని అడిగాడు. పీల్చేదాన్ని బట్టి అన్నాడు సెమీ. ఆ జవాబు గట్టయ్య కూడా చాలామందికి ఇచ్చి ఉన్నాడు.

నలభై నిమిషాలయ్యాయి. నలభైఐదు అయ్యాయి. ఒకసారి రెస్క్యూ పనిలో బాయి మీద మూడు రోజులు ఉండిపోయిన సంగతి అతనికి గుర్తొచ్చింది. ఇంటికి కబురు పంపాలని తట్టలేదు. నాలుగో రోజు వచ్చేసరికి సారక్క గిన్నెలు తోముతోంది. "వచ్చినవా" అని మళ్లీ తోముకుంది. ఇంకేమీ అడగలేదని అప్పట్లో అతనికి కొంచెం కష్టమనిపించింది కూడా.

యాభైరెండో నిమిషాన పడవకు దూరంగా రెండు తలలు తేలాయి. గట్టయ్య చేతిలోని కర్రపెండలం పిండి అయిపోయి ఉంది.

"నలభై అన్నరు," అన్నాడు, సారక్క నిచ్చెన పట్టుకుని పైకి వచ్చాక. "యాభైరెండైంది."

"అయిందా?"

"వాన గొట్టింది."

"కింద తెల్వలే."

"ఏం జూసినవ్?"

"చేపలు" అంది సారక్క.

మొదటిసారి దిగినవాళ్లు అరగంటకే గాలి అయిపోగొడతారనీ, ఈమె సిలిండరులో ఇంకా మూడో వంతు మిగిలిందనీ లితియా సెమీకి చెప్పింది. సెమీ గట్టయ్యకు చెప్పాడు. గట్టయ్య మీటరు చూసి అది నిజమేనని తేల్చుకున్నాడు.

సాయంత్రం ఇద్దరూ పడవల రేవు చెక్కల మీద కూర్చున్నారు. వెనక హనుమండ్లు ఎవరో ముక్క దాచారని గొడవ పెట్టుకుంటున్నాడు.

"నేను మూడు దినాలు ఇంటికి రాలే ఒకసారి. యాదికున్నదా?" అన్నాడు గట్టయ్య.

"ఉన్నది."

"గప్పుడు నువ్వేం జేసినవ్?"

సారక్క ఆలోచించింది. "నీళ్లు వట్టిన. బియ్యం ఏరిన."

"మూడు దినాలా?"

"ఏరిన బియ్యమే మల్ల ఏరిన. మంచిగ సాఫయినయి."

"నాకు గూడ భయమయ్యేది, దిగేటప్పుడు" అన్నాడు గట్టయ్య.

"ఎన్నడు?"

"దిగిన ప్రతిసారి."

"మరి అందరికి గట్ల చెప్తవు?"

"ఎట్ల చెప్పాలె మరి?"

సారక్క దీని గురించి కూడా ఆలోచించింది. "గట్లనే చెప్పు. వినేటందుకు బాగుంటది." తర్వాత, అతను అడగకుండానే, చేపల సంగతి మొదలుపెట్టింది. పచ్చటిది ఒకటి, తల బోనం కుండంత పెద్దది, పగడపు రాయిని జంతిక కొరికినట్టు కొరికిందనీ, ఆ చప్పుడు తనకు వినబడిందనీ చెప్పింది. అన్నానికి పిలిచేదాకా చెప్పింది.

మరునాడు ఆమె మళ్లీ దిగింది. ఎండగా ఉంది. బుడగలు స్పష్టంగా కనబడుతున్నాయి. గట్టయ్య కర్రపెండలం తిన్నాడు. ముప్పైతొమ్మిదో నిమిషాన ఇద్దరూ పైకి వచ్చారు. లితియా సెమీతో అన్నది అతను గట్టయ్యకు చెప్పాడు. కింద పెద్ద తాబేలు కనబడిందట, దాన్ని చూస్తూ చూస్తూనే ఈమె పైకి పోదామని సైగ చేసిందట, గాలి ఇంకా సగం ఉందట. ఎందుకో అడగమంది.

"ఎందుకచ్చినవే?" అని అడిగాడు గట్టయ్య.

"సలి వెడ్తున్నది" అంది సారక్క.

సెమీ ఆ మాట లితియాకు చెప్పాడు. లితియా చేతికున్న మీటరు చూసుకుంది. నీళ్లు గోరువెచ్చగా, ఇరవైతొమ్మిది డిగ్రీలున్నాయి. గట్టయ్య తువ్వాల తీసి సారక్క భుజాల మీద కప్పాడు.