ఇన్నాసమ్మగారి పిలుపు

పల్నాటిసీమయందలి జోజిపాలెమున కల్లములన్నియు నెండుమిరపకాయలతో నెర్రబారగా ఆ ఘాటునకు బాటసారులు తుమ్ముచు ముక్కు మూసికొని నడచుచుండగా ఈస్టరుకు ముందరి తపస్సుకాలపు రెండవ శనివారము మెల్లమెల్లగా సాయంకాలమగుచుండగా దేవమాత దేవాలయమున తెరచాటున గూర్చున్న గురువునకు పాపములు చెప్పుకొను పాపసంకీర్తనమునకై స్త్రీలు బారులు తీరి నిలిచిరి. అందరికంటె ముందు సిసిలి యను కన్యక నిలిచియుండెను.

మూడు వారములక్రిందట పరలోకగతురాలైన యిన్నాసమ్మగారు ఆ కన్యకకు నాయనమ్మ. ఆహా, ఏమి మనిషి! అయిదుగురు బిడ్డలను గని పెంచి పదునలువురు మనుమల జ్ఞానస్నానములకు స్వహస్తములతో తెల్లచొక్కాలు కుట్టి వేకువపూజ కొక్కనాడైనను దప్పక జపమాల ముగియుటయే తడవుగా బలిపీఠవస్త్రమునకు లేసు అల్లుచు అల్లిక విసుగైనచో గులాబీలకు అంట్లు గట్టుచు ఎనుబదియొకటవ యేటను కాలు నిలువని యా యిల్లాలికి ఊరి గుడిని జూచుకొను విచారణగురువులను బిలిపించుట యొక సరదా. లేసు పొడవు చాలునా యని యొకమారు, గులాబి పూచినదని మరియొకమారు ఆయనకు కబురు పోవుచునే యుండెను.

ఆ కడపటి శుక్రవారమున నామె మంచముపై బరుండి “పాదరుగార్ని రమ్మనవే” అనగా సిసిలి పనిలోనుండి తలయెత్తకయే విసుగుకొనెను.

“మళ్ళీ మొదలెట్టావా నాయనమ్మా! సాయంత్రం చెప్తాలే.”

సాయంత్రము రాకమునుపే యిన్నాసమ్మగారు కన్నుమూసిరి. మరణాసన్నులకు గురువు పూయు పవిత్రతైలము తన సోమరితనమువలననే నాయనమ్మకు దక్కకపోయెనని యా పిల్ల యెవరికిని జెప్పుకొనజాలక పూజలో సత్ప్రసాదము స్వీకరింప ధైర్యము చాలక కుమిలికుమిలి చిక్కి సగమయ్యెను. పాపము, ఆమె దుఃఖము పగవారికిని వలదు.

తెరముందు మోకరిల్లి వెక్కివెక్కి యేడ్చుచు నామె పలికెను: “నాయనమ్మని తైలం లేకుండా నేనే పంపించేశా ఫాదర్. మిమ్మల్ని పిలవమంటే పిలవలేదు.”

తెరవెనుక బాలశౌరిగురువులు నిర్ఘాంతపోయిరి.

“అదేందమ్మా! మంగళవారమే వచ్చి తైలం పూయించుకుందిగా! గుండె బలం లేదని డాక్టరు చెప్పిన మర్నాడే నడుచుకుంటా వచ్చింది. ఇంట్లో నేనే చెప్పుకుంటానంది. చెప్పలేదా?”

సిసిలి తెరకు మరింత దగ్గరగా జరిగెను.

“మరి శుక్రవారం మిమ్మల్నెందుకు రమ్మంది?”

గురువుగారు గొంతు సవరించుకొనిరి.

“పులిజూదానికమ్మా. మంగళవారం తైలం పూశాక ఆటకి కూర్చుంది. నా మూడు పులుల్లో రెండింటిని మేకలతో కట్టేసింది. ఇంతలో పూజ గంట కొట్టారు. శుక్రవారం పిలిపిస్తా, ఆ మూడోదాని పని పడతానని బెదిరించి మరీ పోయింది. విసుక్కున్న పాపానికి క్షమాపణ ఇస్తున్నా. లే, ఇంటికెళ్ళి కడుపునిండా అన్నం తిను. అదే నీ ప్రాయశ్చిత్తం.”

గుండెమీది బండ దిగిపోగా సిసిలి కన్నీరు తుడుచుకొనుచు నవ్వాపుకొనజాలక వెలికివచ్చెను. వెనుక నిలిచిన మేనత్త యారోగ్యమ్మ బుగ్గన వ్రేలిడుకొనెను.

“ఏందే, పాపాలు చెప్పుకొని నవ్వతా వస్తన్నావు?”

“నాయనమ్మకి తైలం అందిందత్తా! ముందే పూయించుకుంది. ఆ రోజు ఫాదర్‌ని పిలవమంది పులిజూదానికంట!”

“మా అమ్మ! మా అమ్మే!” అని యారోగ్యమ్మ గుండెలపై చేయివైచుకొని యచటనే కూలబడెను. మౌనము పాటింపవలసిన యా దేవాలయమున వరుసలోని స్త్రీలందరును ముసుగుకొంగులు నోటికడ్డము పెట్టుకొని నవ్వలేక యేడ్వలేక తంటాలుపడుచుండగా తెరవెనుకనుండి గురువుగారి నవ్వును వినవచ్చెను.