పచ్చ ప్యాకెట్ పక్కన లేజరు

చిప్పులు తయారుచేసే షిన్‌చూ ఊళ్లో గాలి ఎప్పుడూ ఆగదు. ఆ రోజు పెయ్‌రోంగ్ కాళ్లు కూడా ఆగలేదు. పరీక్ష బల్లకూ కిటికీకీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. భోజనాలు కాగానే కొనేవాళ్లు వస్తారు. తన లేజరు ఇంతవరకూ ఎవరూ చూడనంత వేగంగా వెలిగి ఆరిందని పోయిన వారం వాళ్లకు గొప్పగా రాసింది తనే. ఇవాళ ఆ వేగం చూపించకపోతే బృందాన్ని ఎత్తేస్తారు.

తీరా ఇవాళే లేజరు మొండికేసింది. అది పంపే ఒకట్లూ సున్నాలూ దేనికది విడిగా తెలిస్తే తెర మీద కన్ను ఆకారం తెరుచుకోవాలి. పొద్దున్నుంచీ ఆ కన్ను మూసుకునే ఉంది. చిప్పు మార్చింది, కరెంటు పెంచింది, తగ్గించింది. ఏం చేసినా లాభం లేదు.

"హుయ్ అన్నా, నువ్వేమైనా కదిపావా?"

"నేనేం కదిపాను తల్లీ! పెద్దవాళ్లొస్తున్నారని బల్ల తుడిచా," అన్నాడు పక్క బల్ల దగ్గరి హుయ్. అంతలో నాలిక్కరుచుకున్నాడు. "పచ్చ ప్యాకెట్టు తీసి బీరువా మీద పెట్టా. కొంపదీసి లేజరుకు కోపమొచ్చిందంటావా?"

కొబ్బరి రుచి మొక్కజొన్న చిరుతిండి అది. ఆ ఊళ్లో అది పక్కన లేని యంత్రం ఉండదు. పచ్చదే కావాలి, గడువు దాటకూడదు, తినకూడదు. అప్పుడే యంత్రం బుద్ధిగా ఉంటుందట. పెయ్‌రోంగ్ ఆ మాటకు నవ్వేది. నవ్వుతూనే గడువు తేదీ చూసి మరీ కొనుక్కొచ్చింది.

"ఎక్కడ ఉండేదో అక్కడే పెట్టన్నా."

"ఇంత చదివి, నువ్వు కూడానా?"

"పెట్టమన్నానా!"

ప్యాకెట్ బల్ల మీద ఆనిందో లేదో, కన్ను తెరుచుకుంది.

"చూశావా! ఇకనైనా దణ్ణం పెట్టుకో!" హుయ్ చిందులేశాడు. ఆమె కూడా పగలబడి నవ్వింది. నవ్వుతూ ప్యాకెట్ ఎత్తింది. కన్ను మూసుకుంది. దించింది, తెరుచుకుంది. ఆమె నవ్వు ఆగిపోయింది.

వంగి చూసింది. ఉబ్బిన ప్యాకెట్, లేజరు వెలుగును మోసుకెళ్లే వెంట్రుకంత సన్నటి గాజు తీగను నెడుతోంది. దాని కొస చిప్పుకు రవ్వంత దగ్గరగా జరిగింది. ఆ కొసను తాకిన వెలుగు కొంత వెనక్కి లేజరులోకే వచ్చి, ఉయ్యాలను సరిగ్గా సమయానికి ఊపినట్టు దాన్ని ఊపుతోంది. పోయిన వారం వేగమంతా ఆ ఊపుదే, తన లేజరుది కాదు. పెయ్‌రోంగ్‌కు చచ్చేంత సిగ్గేసింది.

పై అధికారి త్సాయ్ ఆదరాబాదరాగా వచ్చాడు. తెర చూసి హమ్మయ్య అనుకున్నాడు. ఆమె సంగతి చెప్పేసరికి గొంతు తగ్గించాడు.

"ఇవాళ్టికి దాన్నలాగే ఉండనీమ్మా. ప్యాకెట్ ఎందుకుందని ఈ ఊళ్లో ఎవడడుగుతాడు?"

"అమ్మిన ప్రతి లేజరుకూ ఒకటి కట్టిద్దామా సార్?"

"వెటకారాలొద్దు. కొనేవాళ్లు కింద నా కోసం ఎదురుచూస్తున్నారు. నీతో పనిచేసే నలుగురి మొహాలు కాస్త గుర్తుతెచ్చుకో," అంటూ లిఫ్టు వైపు పరుగెత్తాడు.

ఆ నలుగురూ గుర్తొచ్చారు. అందుకే భయమేసింది. ప్యాకెట్ అక్కడుంటే తనూ దాన్ని అక్కడే ఉండనిస్తుంది. తన సంగతి తనకు తెలుసు. బీరువా మీదికి చేరిస్తే చివరి క్షణంలో మళ్లీ దించుతుంది. గది ఈ మూల నుంచి ఆ మూలకు రెండుసార్లు తిరిగింది. లిఫ్టు గంట వినిపించింది.

గబుక్కున ప్యాకెట్ లాక్కుని చించింది.

"ఏయ్, ఏయ్! అది తినకూడదే పిల్లా!" హుయ్ గావుకేక పెట్టాడు.

గుప్పెడు తీసి నోట్లో కుక్కుకుంది. తెర మీద కన్ను అప్పటికే వాలిపోయింది. తలుపు తెరుచుకుంది. కొనేవాళ్లను వెంటబెట్టుకొచ్చిన త్సాయ్ మొదట తెర చూశాడు, తర్వాత ఆమె చేతిలోని ప్యాకెట్ చూశాడు. అతని మొహంలో నెత్తురుచుక్క లేదు.

పెయ్‌రోంగ్ ఎలాగో మింగి, తీపి పొడి అంటిన చేత్తో ప్యాకెట్‌ను అతిథుల ముందుకు చాచింది.

"తీసుకోండి. పోయిన వారం మీకు రాసిన వేగం దీనిది. మా లేజరు వేగం తెర మీద ఉంది, చూడండి."