రెండు చుక్కల కొప్పు

పిచ్చుక తయారుచేసిన కంప్యూటర్ ఆటలో నాయిక పొడవు తెర మీద ఎనిమిది చుక్కలు, వెడల్పు ఎనిమిది చుక్కలు. ఆ కాస్తలోనే తల, నడుము, కాళ్ళు, చేతిలో బకెట్టు అన్నీ ఇమడాలి. తల వెనకాల ఉన్న రెండు చుక్కలు కొప్పు. గొడవంతా ఆ రెండు చుక్కల దగ్గరే వచ్చింది. వినేవాళ్ళకి నవ్వు రావచ్చు. నవ్వుకోండి, ఎవరొద్దన్నారు? ఆ పిల్ల ఉద్యోగం మాత్రం వాటి మీదే వేలాడింది.

పిచ్చుక అన్నది మేనత్త పెట్టిన పేరు. మనిషి పుల్ల, తిండి చారెడు, నోరు మాత్రం ఊరంత. ఆమె పనిచేసేది ఒక కంప్యూటర్ షాపులో. అప్పట్లో ఇంటి కంప్యూటర్ అంటే రబ్బరు మీటలున్న ఒక పలక, అంతే. దాన్ని టీవీకి తగిలించుకోవాలి. ఆటలు పాటల క్యాసెట్లలాంటి క్యాసెట్లలో వచ్చేవి. టేప్ రికార్డర్‌లో పెట్టి మీట నొక్కితే, అది పిల్లి తోక తొక్కినట్టు కీచుమని అరిచి అరిచి, మన అదృష్టం బాగుంటే ఆట తెర మీదికి వచ్చేది. బాగోకపోతే మళ్ళీ మొదటినుంచి. ఆ క్యాసెట్లకి కాపీలు తీయడం పిచ్చుక పని. పొద్దుటినుంచి సాయంత్రందాకా ఆ కీచుకీచు వినీ వినీ, ఏ క్యాసెట్‌లో ఏ ఆటుందో చెవితోనే చెప్పేయగలిగేది.

మీట ఊడిపోయి ఎవరూ కొనని ఒక మెషిన్‌ని షాపాయన ఆమెకి పండగ కానుకలా ఇచ్చేశాడు. ఊడిన మీట చోట పిచ్చుక చొక్కా గుండీ అతికించింది. దాన్ని అత్త టీవీకి తగిలించి, పుస్తకాలు చూసి తనంతట తనే నేర్చుకుని, చివరికి ఒక ఆట రాసింది.

ఆట అత్త గురించి. అమ్మా నాన్నా పోయాక పిచ్చుకని పెంచింది ఆవిడే. ఏడంతస్తుల మేడలో కింద ఒక్క గదిలో కాపురం, ఆ మేడ మెట్లన్నీ కడగడం ఉద్యోగం. లిఫ్టు ఉంది, ఉండీ లేనట్టే. చిన్నప్పటినుంచీ పిచ్చుక ఆ మెట్ల మీద కూర్చుని ఒకటి చూస్తూ వచ్చింది. దిగే జనం, ఎక్కే జనం, బూట్లు తడుస్తాయని బకెట్టుని చూసి జాగ్రత్తగా తప్పుకునేవారు. అత్త వంక ఒక్కరూ చూసేవారు కాదు. బకెట్టుకి దక్కిన మర్యాద మనిషికి దక్కలేదు. పిచ్చుకకి అది చూస్తే ఒళ్ళు మండేది. ఆ మంటలోంచే ఆట పుట్టింది: బకెట్టు పట్టుకుని ఒక ముసలావిడ ఏడంతస్తులూ ఎక్కుతుంది. పైనుంచి బూట్లు, గొడుగులు, పూలకుండీలు పడుతుంటాయి. తప్పించుకుంటూ మేడ మీదికి చేరితే అక్కడొక కుర్చీ ఉంటుంది. ఆవిడ కూర్చుంటుంది.

మొదటిసారి చూపించినప్పుడు అత్త కళ్ళజోడు సవరించుకుని తెరలోకి తొంగి చూసింది.

“నేనింత పొట్టిగా ఉంటానుటే?”

“అందులో అందరూ అంతే పొట్టి అత్తా.”

“కొప్పు మాత్రం బాగా కుదిరింది” అని, తల వెనక్కి ఒకసారి చెయ్యి పోనిచ్చుకుంది.

షాపాయన చెడ్డవాడేమీ కాదు. బేరం తెలిసినవాడు, అంతకుమించి ఏమీ తెలియనివాడు. ఆట మొదలుపెట్టాక కుర్చీలోంచి లేవలేదు. గిరాకీని కూడా పట్టించుకోకుండా ఆడాడు. ఆఖరికి లేచి, వేళ్ళు విరుచుకుంటూ అన్నాడు.

“అదిరిందమ్మాయ్. క్యాసెట్ల కంపెనీకి చూపిద్దాం. చిన్న మార్పు చేస్తే చాలు. ఈ ముసల్దాన్ని తీసేసి కుర్రాణ్ణి పెట్టు.”

“ఎందుకండీ?”

“ఎందుకేమిటి? కొనేది మగపిల్లలు. బకెట్టు పట్టుకున్న ముసల్దాన్ని నడిపిస్తారా వాళ్ళు?”

“ఆ అరలో ఉన్న ఆటలో కప్పని నడిపిస్తున్నారు కదండీ. దాని పక్క దాంట్లో నోరు తెరిచిన గుండ్రటి పురుగుని నడిపిస్తున్నారు. కప్పకంటే మా అత్త తీసిపోయిందా?”

“కప్ప వేరు” అన్నాడు షాపాయన. ఎలా వేరో మాత్రం చెప్పలేదు. “ఆ రెండు చుక్కలూ తీసెయ్యి. కొప్పు పోతే కుర్రాడైపోతాడు. రెండు చుక్కలమ్మా! దానికింత రాద్ధాంతమా?”

“రెండు చుక్కలే కదండీ, ఉండనివ్వండి మరి” అంది పిచ్చుక.

ఇంటికొచ్చి చెబితే అత్తా ఆయన పక్కే మాట్లాడింది. పోరు నష్టం, పొందు లాభం అంది. “తీసెయ్యవే. ఆ కంపెనీ వాళ్ళకి నచ్చితే నీకు కుర్చీలో కూర్చునే ఉద్యోగం దొరుకుతుంది. టీవీలో నా కొప్పు లేకపోతే నాకేం, నెత్తిమీద ఉందిగా.” నోరు ఊరంత ఉన్న పిల్ల నోరు మూసుకుందంటే మొండికేసిందని అర్థం.

కంపెనీనుంచి ఒక మేడమ్ షాపుకి వస్తానని కబురు చేసింది. ఏ ఆట కొనాలో, ఎవర్ని ఉద్యోగంలోకి తీసుకోవాలో తేల్చేది ఆవిడే. ఆవిడ వచ్చిన రోజు పిచ్చుక వెనక గదిలో కాపీలు తీస్తోంది. ముందు గదిలోంచి తన ఆట క్యాసెట్ కీచు వినబడింది. వింటుంటే ఎక్కడో ఒక చోట తేడాగా ఉంది. బయటికొచ్చి చూసింది.

తెర మీద కొప్పు లేదు. షాపాయన తనకీ కంప్యూటర్ వచ్చునని నిరూపించుకున్నాడు. బొమ్మకి సంబంధించిన సంఖ్యలు వెతికి పట్టుకుని, రెండు వరసలు మార్చి, కొప్పు చెరిపేశాడు. క్యాసెట్ కవరు మీద కండలు తిరిగిన కుర్రాడి బొమ్మ కూడా వేయించాడు. పిచ్చుకతో ఒక్క మాట చెప్పలేదు. ఆమెకి చెంప మీద కొట్టినట్టయింది.

“చూడండి మేడమ్, మా షాపులో తయారైన ఆట!” అని షాపాయన మీట నొక్కాడు.

కుర్రాడు గంభీరంగా నడిచి మొదటి మెట్టు దగ్గరికి వచ్చాడు. కాలెత్తాడు. కాలు మెట్టు అంచుకి కొట్టుకుంది, వెనక్కి పడ్డాడు. మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ పడ్డాడు. ఈలోగా పైనుంచి ఒక బూటు వచ్చి నెత్తిన పడింది. ఆట అయిపోయింది. షాపులో ఉన్నవాళ్ళంతా ఘొల్లుమన్నారు.

“టేపు సరిగ్గా ఎక్కలేదు” అని షాపాయన మళ్ళీ పెట్టాడు. అందరూ ఆ కీచంతా భరించారు. కుర్రాడు మళ్ళీ వచ్చాడు, మళ్ళీ మొదటి మెట్టు దగ్గరే బోల్తా. కవరు మీద కండలు చూస్తే కొండల్ని పిండి చేసేలా ఉన్నాడు, ఇక్కడ గడప దాటలేకపోతున్నాడు.

“పిచ్చుకా! ఏం చేశావు దీన్ని?”

“నేనేం చెయ్యలేదండీ. మీరేం చేశారు?” అంటూ పిచ్చుక ముందుకొచ్చింది. అప్పటికే ఆమెకి సంగతి అర్థమైంది, నవ్వు ఆపుకోవడమే కష్టంగా ఉంది. ఆట ఆపి, పాత సంఖ్యలు రెండూ టైపు చేసి, మళ్ళీ నడిపించింది. తెర మీద ముసలావిడ కొప్పుతో సహా ప్రత్యక్షమై, టకటకా మెట్లెక్కి, మొదటి అంతస్తు దాటిపోయింది.

మేడమ్ కుర్చీ ముందుకి జరుపుకుంది. “ఏమిటీ కిటుకు?”

“కిటుకేం లేదండీ, ఇరుకు. ఆట రాస్తుంటే మెషిన్‌లో చోటు అయిపోయింది. మనిషి ఎంత ఎత్తు ఎక్కాలో చెప్పడానికి ఒక సంఖ్య కావాలి, పెట్టుకోవడానికి జాగా లేదు. బొమ్మలో ఒక్కో వరసా ఒక్కో సంఖ్యే కదా. కొప్పున్న వరసల్లో ఒకదాని సంఖ్య సరిగ్గా సరిపోయింది. ఎత్తు ఎంతో అక్కడే చూసుకోమని మెషిన్‌కి చెప్పాను. కొప్పు తీసేస్తే సంఖ్య చిన్నదైపోయింది, కాలు అందలేదు.” ఆ పొదుపు ఎవరి దగ్గర నేర్చుకుందంటే అత్త దగ్గరే. బట్టలుతికిన సబ్బునీళ్ళతో మెట్లు కడిగే మనిషి ఆవిడ.

మేడమ్ ఆ ఆట పూర్తిగా ఆడింది. మూడో అంతస్తులో చచ్చింది, మళ్ళీ మొదలుపెట్టి ఐదోదాకా వెళ్ళింది. తర్వాత తిన్నగా విషయానికి వచ్చింది.

“నాకు నువ్వు కావాలి. కంపెనీలో నీకొక బల్ల, మంచి మెషిన్, జీతం. ఆట కూడా తీసుకుంటాం. ఒక్కటే. కుర్రాడుండాలి. నాకు మాత్రం ఇష్టమై చెబుతున్నాననుకున్నావా? అమ్మేది నేను, జనం సంగతి నాకు తెలుసు. ఆ ఎత్తు సంఖ్యని ఇంకెక్కడైనా పెట్టుకోవచ్చు కదా?”

షాపాయన కళ్ళతోనే బతిమాలుతున్నాడు. పిచ్చుక ఆలోచించింది. కుదరదు అనేస్తే సరిపోతుంది. లౌక్యం తెలిసినవాళ్ళు అదే అంటారు. కొప్పు తీస్తే ఆట ఆగిపోతుందని వీళ్ళంతా కళ్ళారా చూశారు, నమ్ముతారు. ఆ ఒక్క అబద్ధంతో కొప్పూ దక్కుతుంది, ఉద్యోగమూ దక్కుతుంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది.

కానీ అప్పుడు అత్త ఆ ఆటలో ఎందుకున్నట్టు? తీసెయ్యడం కుదరక ఉన్నట్టు. మేడలోనూ అంతే కదా. మెట్లు ఎవరో ఒకరు కడగాలి కాబట్టి, తప్పదు కాబట్టి, ఆవిణ్ణి ఉండనిచ్చారు. ఇక్కడా అదే బతుకా? పిచ్చుకకి కోపం వచ్చింది, కోపంతోపాటు కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. తుడుచుకోలేదు.

“కుదురుతుందండీ” అంది.

“ఎంతసేపు పడుతుంది?”

“మీరు టీ తాగేలోపు అయిపోతుంది.”

“మరింకేం?”

“నేను చెయ్యను.”

షాపాయన నెత్తి కొట్టుకున్నాడు. మేడమ్ మాత్రం ఆమెనే చూస్తోంది.

“మా అత్త మెట్లు కడుగుతుందండీ. జనం బకెట్టుని చూసి తప్పుకుంటారు, ఆవిణ్ణి చూడరు. ఈ ఆటలో ఆవిణ్ణి చూడకుండా ఒక్క మెట్టు ఎక్కలేరు. అందుకే రాశాను. మీకు కుర్రాడు కావాలంటే ఇంకో ఆట రాసిస్తాను, వందమంది కుర్రాళ్ళని పెడతాను. ఇందులో మాత్రం మా అత్తే ఉంటుంది.”

“ఇంకో ఆట కాదు, నాకిదే కావాలి” అంది మేడమ్. పిచ్చుక తల అడ్డంగా ఊపింది. మేడమ్ సంచీ తీసుకుని, గుమ్మం దగ్గర ఒకసారి ఆగి, వెళ్ళిపోయింది. కారు కదిలిన చప్పుడు వినబడగానే షాపాయన, రేపటినుంచి రావద్దన్నాడు. రమ్మన్నా రానంది పిచ్చుక. తన క్యాసెట్ తను తీసుకుని, కండల కుర్రాడి కవరు బల్ల మీద వదిలేసి నడిచింది.

అత్త నాలుగో అంతస్తు మెట్ల మీద ఉంది. జరిగింది విని గుడ్డ బకెట్టులో పడేసింది.

“నీకేమైనా మతిపోయిందా? కాళ్ళ దగ్గరికి వచ్చిన అదృష్టాన్ని కాలదన్నుకుంటారుటే ఎవరైనా? నేనేమన్నా అడిగానా నిన్ను, నా కొప్పు నిలబెట్టమని?” తిట్టింది, తిట్టి తిట్టి అలిసి మెట్టు మీద కూలబడింది. ఆపైన గొంతు తగ్గించి అడిగింది. “అంతమందిలో చెప్పావా, మీ అత్త మెట్లు కడుగుతుందని?”

“చెప్పాను.”

“సిగ్గనిపించలేదూ?”

“ఎందుకనిపిస్తుంది?”

అత్త ఆమె ముఖంలోకి చూసి, తల పక్కకి తిప్పుకుంది. గుడ్డ తీసి గట్టిగా పిండింది, పిండిన గుడ్డనే మళ్ళీ పిండింది. “ఖాళీ క్యాసెట్లు ఎక్కడ దొరుకుతాయే?” అంది ఆఖరికి.

ఆదివారం పాత సామాన్ల బజారులో ఇద్దరూ ఆట కాపీలు నింపిన ఒక అట్టపెట్టె పెట్టుకుని నిలబడ్డారు. అత్త టీవీ, గుండీ మెషిన్ మోసుకొచ్చి, పక్కన రేడియోలమ్మేవాడి దగ్గర కరెంటు అడుక్కున్నారు. కవర్ల మీద బొమ్మ పిచ్చుకే గీసింది, కొప్పు కాస్త పెద్దగానే గీసింది. పొద్దున్నుంచీ ఎవరూ ఆగలేదు. పిచ్చుకకి కంపెనీలో ఇస్తామన్న బల్ల, మంచి మెషిన్ గుర్తొస్తున్నాయి.

తోలు జాకెట్ వేసుకున్న కుర్రాడొకడు ఆగాడు. వెనక ఇద్దరు స్నేహితులున్నారు. కవరు తిప్పి చూశాడు.

“ఇందులో హీరో ఎవరు?”

పిచ్చుక నోరు తెరిచేలోపే అత్త ముందుకొచ్చింది. “నేనే.”

కుర్రాడు తలెత్తాడు. ఆవిడ ముఖం చూశాడు, కొప్పు చూశాడు, చేతిలో కవరు చూసి మళ్ళీ ఆవిణ్ణే చూశాడు. బాగా చూశాడు.

“మీరా! ముసలావిడతో ఆడితే మావాళ్ళు నవ్వుతారండీ.”

“నవ్వనీ నాయనా” అంది అత్త, ఆ రబ్బరు మీటల పలకని అతని చేతుల్లోకి నెడుతూ. “ముందు మూడో అంతస్తు దాటి నవ్వమను.”