పద్నాలుగో నంబరు ఇంటి బాబాయి

రెండో బకెట్టు నీళ్ళు కూడా స్నానాలగది గచ్చు మీద కుమ్మరించి, ఇళ్ళ ఏజెంటు గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఎడమ మోకాలు ఈమధ్య వంగనంటోంది. నీళ్ళు మూలనున్న జాలీ వైపు పోవాలి. నాలుగు చుక్కలు అటు పోయాయి, మిగతావన్నీ నింపాదిగా గుమ్మం వైపు నడిచాయి. గుమ్మం దాటితే పడకగది. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. ఆయన ముప్పై ఏళ్ళుగా అందులో మొదటి సగాన్ని నమ్ముకునే బతుకుతున్నాడు.

కొత్త ఇంటికి ఏజెంటు దేనికని అందరూ అడిగేదే. పాత ఇల్లయితే పగుళ్ళూ చెదలూ కళ్ళకే కనిపిస్తాయి. కొత్త ఇల్లు రంగు వాసనతోనే మనిషిని సగం మత్తులో పడేస్తుంది. పైన పటారం లోన లొటారం అన్న సంగతి కాపురం పెట్టాకగాని తెలియదు. అందుకే ఆయన దీపాలు వేసి చూపించే హాలుని వదిలేసి తిన్నగా స్నానాలగదిలోకి వెళ్తాడు. టైల్స్‌ని వేలి కణుపులతో తట్టి, బోలుగా మోగినచోట సుద్దముక్కతో సున్నా చుడతాడు. కిటికీలన్నీ మూసి తెరుస్తాడు. పెళ్ళి చేసుకోలేదు. అన్నగారింట్లో వెనకగదిలో ఉంటాడు. అన్న పిల్లలు చిన్నప్పుడు వేళాకోళానికి మొదలుపెట్టిన "ఏజెంటుగారు" అన్న పిలుపు వాళ్ళు పెద్దవాళ్ళయ్యాక కూడా అలాగే నిలిచిపోయింది.

ఇవాళ మాత్రం ఈ పద్నాలుగో నంబరు ఇంట్లో ఆయన ఏజెంటు కాడు. ఆ చిక్కు తెచ్చిపెట్టింది ఇల్లు కొనబోయే బస్సు డ్రైవరే. రెండు నెలలుగా అతన్నీ, ఆసుపత్రిలో నర్సుగా చేసే అతని భార్యనీ వెంటబెట్టుకుని తిరుగుతూ ఏజెంటు ఒకే మాట పదేపదే చెప్పాడు, తాను లేకుండా ఏ కాలనీ ఆఫీసు గడపా తొక్కొద్దని. మొదటిసారి చూడ్డానికి వచ్చినప్పుడు నింపే ఫారంలో ఏజెంటు పేరు రాస్తేనే ఆ ఇంటికి ఏజెంటు ఉన్నట్టు, అతనికి కమీషను వచ్చేట్టు. రాయకపోతే తర్వాత తలకిందులుగా తపస్సు చేసినా లేనట్టే. డ్రైవరు బుద్ధిగా తలూపాడు. ఆదివారం ఊరికే చూసొద్దామని ఒక్కడే వెళ్ళాడు. కౌంటరులో అమ్మాయి చల్లటి నీళ్ళూ, ఫారమూ ఇచ్చింది. ఏజెంటు అన్న గడిలో అతను "లేరు" అని రాశాడు. ఆ నిమిషాన పక్కన లేడు కదా మరి.

పొద్దున బస్టాపులో ఈ సంగతి చెబుతూ అతను తల ఎత్తలేదు. ఏజెంటుకి ఒళ్ళు మండింది. ఇంటికి వెళ్ళిపోదామనే అనుకున్నాడు. కానీ మధ్యాహ్నమే ఒప్పందం మీద సంతకాలు. ఎవరేం చెప్పినా నమ్మే ఈ మనిషి చేతికి కలం ఇచ్చి వదిలెయ్యడానికి ఆయనకి మనసొప్పలేదు. గేటు దగ్గర కొత్తగా చేరిన కాపలామనిషి ఈయనెవరని అడిగితే, నర్సు తడుముకోకుండా మా బాబాయి అని చెప్పేసింది. ఆయనకి లోపల సంతోషం వేసింది.

ఇళ్ళు కట్టిన కంపెనీ మేనేజరు వచ్చేసరికి నీళ్ళు పడకగదిలోకి జానెడు మేర పాకాయి. నర్సు చెప్పులు చేత్తో పట్టుకుని నీటి అంచుకి ఇవతల నిలబడి ఉంది. మేనేజరు ఆయన్ని చూశాడు, గోడల మీది సుద్ద సున్నాల్ని చూశాడు. తాళాలు ఇచ్చాక అన్నీ బాగుచేయిస్తామని డ్రైవరుకి చెప్పి, ఏజెంటుని ఒక్క మాటని హాల్లోకి పిలిచాడు.

చెప్పింది మర్యాదగానే చెప్పాడు. వెనక వరసలో ఇంకా పన్నెండు ఇళ్ళున్నాయి. ఏజెంట్ల జాబితాలో ఆయన పేరే ముందుంది. ఏజెంటుగా ఈ ఇంట్లో ఆయనకి పని లేదు కాబట్టి ఇప్పుడే బయటికి నడిస్తే రేపు మామూలుగా రావచ్చు. చుట్టమైతే సాయంత్రం దాకా ఉండొచ్చు. కాకపోతే కొనేవాళ్ళ చుట్టాలని జాబితాలో ఉంచుకునే అలవాటు కంపెనీకి లేదు.

"మీరే చెప్పండి పెద్దాయనా. ఏజెంటా, బాబాయా?"

ఆయనకి భయం వేసింది. మిగతా కాలనీలన్నీ కుర్ర ఏజెంట్ల చేతుల్లోకి ఎప్పుడో పోయాయి. ఆయన్ని గుమ్మంలోకి రానిచ్చేది ఇదొక్కటే. నాలుగేళ్ళ కిందట ముందు వరసలో ఒక దర్జీకి ఇల్లు చూపించినప్పుడు కూడా నీళ్ళు ఇలాగే వెనక్కి నడిచాయి. తాళాలు ఇచ్చాక చేయిస్తామని ఈ మేనేజరే అన్నాడు. ఎందుకొచ్చిన గొడవని ఆయన నోరు మెదపలేదు. ఇప్పటికీ ఆ ఇంటి పడకగది గోడ నడుమెత్తు దాకా చెమ్మే. దర్జీ ఎదురైతే ఈనాటికీ ఆగి, ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతాడు. తిట్టినా బాగుండేది.

లోపల డ్రైవరు భార్యకి నచ్చచెబుతున్నాడు. "తర్వాత చేయిస్తారంటలే. పెద్ద కంపెనీ కదా."

"బాబాయినే సార్," అన్నాడు ఏజెంటు.

ఆ తర్వాత బాబాయిలాగే ప్రవర్తించాడు, అంటే అందరికీ విసుగు పుట్టించాడు. గచ్చు పగలగొట్టి, వాటం సరిచేసి, మళ్ళీ నీళ్ళు పోసి చూపించాకే సంతకాలని పట్టుబట్టాడు. అలాగే చేయిస్తామని మేనేజరు మూడుసార్లు అన్నాడు. మూడుసార్లూ ఆయన కాగితం మీద రాయమన్నాడు. డ్రైవరు మొహమాటంతో కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. చివరికి మేనేజరు రాసి, ముద్ర వేశాడు. ఆయన రెండుసార్లు చదివి ఆ కాగితాన్ని నర్సు చేతిలో పెట్టాడు.

హాల్లో ఏం మాట్లాడుకున్నారో వాళ్ళకి తెలియదు. ఆయన చెప్పలేదు. బస్సు కోసం నిలబడినప్పుడు నర్సు అంది, "గచ్చు బాగయ్యాక మీరొచ్చి చూస్తేనే నేను సంతకం పెడతా. వస్తారుగా బాబాయ్?"

గేటు దాటేశారు, ఇంక నటించాల్సిన పని లేదు. అయినా అలాగే పిలిచింది.

"రెండు బకెట్లు నువ్వే పొయ్యమ్మా. మూలకి పోతే పెట్టు సంతకం. గుమ్మం వైపొస్తే మాత్రం, ఎవరు చెప్పినా పెట్టకు."

వాళ్ళు బస్సెక్కాక ఆయన వెనక్కి వచ్చి, జేబులోని ఏజెంటు ప్రవేశకార్డు తీసి కౌంటరు మీద పెట్టాడు. అమ్మాయి ఏమైందని అడిగింది. మోకాలమ్మా అన్నాడు. గేటు దాకా మెల్లిగా నడిచి, ఎడమవైపుకి తిరిగి వెళ్ళిపోయాడు.

సాయంత్రం మేనేజరు చెబితే, ఆ అమ్మాయి బల్ల మీది గాజుపలక ఎత్తి, దాని కింద ఏజెంట్ల విజిటింగ్ కార్డుల్లోంచి ఆయనది తియ్యబోయింది. చెమ్మకి అది గాజుకి అంటుకుపోయింది. స్కేలు అంచుతో గీకితే పేరూ ఫోను నంబరూ ఉన్న ముక్క ఊడి వచ్చింది. నల్లజుట్టుతో ఉన్న చిన్న ఫొటో మాత్రం గాజుకే ఉండిపోయింది. ఆఖరున ఇల్లు చూడ్డానికి వచ్చిన దంపతులు ఫారం దాని మీదే పెట్టుకుని నింపారు.