వెచ్చచేప

రేవులో అబద్ధాలకు కొదవేమీ లేదు. మూరెడు చేప పట్టినవాడు బారెడు అంటాడు. వల చిరిగితే తిమింగలం చింపిందంటాడు. ఎవరూ ఏమీ అనుకోరు. అలాంటి చోట పుట్టి, పెద్దవాడై, ఒక్క అబద్ధమూ ఆడని మనిషికి అబద్ధాలకోరని పేరు వచ్చిందంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఆయన్ని అందరూ వెచ్చచేప అనేవారు. ఆ పేరు పెట్టింది సొంత బావమరిదే.

సంగతి ఇంతే. వయసులో ఉండగా, ఒక చలికాలం పొద్దున ఆయన ఒంటరిగా లోతు నీళ్లకు పోయి గేలం వేస్తే, ఆ రేవులో ఎవరూ ఎన్నడూ చూడని చేప పడింది. పళ్లెంలా గుండ్రంగా ఉంది. వెండి ఒళ్లు, దాని నిండా తెల్లచుక్కలు, రెక్కలూ తోకా మూతీ మాత్రం నెత్తురంత ఎరుపు. నోట్లో ఒక్క పన్ను లేదు. పడవలోకి లాగి చెయ్యి వేస్తే వెచ్చగా తగిలింది. లోతు నుంచి వచ్చిన చేప ఏదైనా చేతికి జివ్వుమంటుంది. ఇది మాత్రం అప్పుడే ఎవరో లేచి వెళ్లిన పక్కలా ఉంది. ఆయన నోరు తెరుచుకుని చూస్తుండగానే అది ఒక్క తన్ను తన్ని మళ్లీ నీళ్లలో పడింది.

ఒడ్డుకొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఎర్ర రెక్కలు నమ్మారు, బోసినోరు నమ్మారు. వెచ్చదనం దగ్గరికి వచ్చేసరికి రేవు రేవంతా పగలబడి నవ్వింది. "చేపకి జ్వరమొచ్చిందా బావా? మాత్ర వేసి పంపకపోయావా?" అన్నాడు బావమరిది. ఆ ఒక్క ముక్క వెనక్కి తీసుకుంటే ఆయన హాయిగా బతికిపోయేవాడే. తీసుకోలేదు. పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం అన్నారు జనం. ఈయన కుందేలుకు మాత్రం నిజంగానే మూడు కాళ్లు.

కూతురు ఆ చేప గుర్తులు వింటూనే పెరిగింది. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రికి చూపు పోయాక పడవా గేలాలూ ఆమే అందుకుంది. పని ఆయనే నేర్పాడు. తాడు చుట్టడం, ఎర గుచ్చడం, అన్నిటికన్నా ముందు ఐసు. "చేప పైకొచ్చిందా, ముందు ఐసులో పెట్టు. ఊపిరి తర్వాత పీల్చుకోవచ్చు" అనేవాడు. ఆలస్యం చేస్తే చిన్నప్పుడు చేతి మీద ఒకటి పడేది కూడా. రేవులో ఆమె చేపంత తాజా చేప ఇంకెవరి దగ్గరా ఉండేది కాదు.

ఇప్పుడు ఆయన ఊపిరితిత్తులు పాడైపోయి మంచం పట్టాడు. డాక్టరు ఇంటికి తీసుకెళ్లిపొమ్మన్నాడు. ఒకరోజు ఆమె జావ తాగిస్తుంటే గ్లాసు పక్కకు నెట్టి అడిగాడు.

"ఆ రోజు నా చేతులు చలికి మొద్దుబారి ఉన్నాయమ్మా. అలాంటి చేతికి ఏది తగిలినా వెచ్చగానే ఉంటుందేమో కదా?"

"అదేంటి నాన్నా, ఇన్నేళ్లు లేనిది?"

"ఊరికే. తప్పు నాదే అయితే, తప్పని ఒప్పుకుని పోదామని."

రేవంతా నవ్వితే ఆమె ఓర్చుకుంది. నవ్వినవాడి పళ్లు రాలగొడతానని కూడా ఒకటి రెండుసార్లు అంది. కానీ ఆయన కూడా వెళ్లి వాళ్ల పక్కన నిలబడితే ఎలా ఓర్చుకుంటుంది? ఆ చేపను తెచ్చి ఆయన అరచేతి కింద పెట్టాలి. ఆయన పోయేలోపే పెట్టాలి.

తొందరలో బుద్ధి గడ్డి తిన్నది. బజారులో ఏదో గుండ్రటి చేప కొని, వేడినీళ్లలో ముంచి తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఆయన దాని ఒళ్లంతా తడిమాడు, నోట్లో వేలు పెట్టాడు, పళ్లు తగిలాయి. కోప్పడలేదు. "నీళ్లు కొంచెం ఎక్కువ కాగాయమ్మా" అన్నాడు. ఆమెకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

మర్నాటి నుంచి లోతు నీళ్లకు పోవడం మొదలుపెట్టింది. తోడుగా మేనమామ వచ్చాడు, ఆ పేరు పెట్టిన మహానుభావుడే. నోరు చెడ్డది గాని మనిషి చెడ్డవాడు కాదు. "దొరకదు. దొరికితే నా మీసం తీసేస్తా" అంటూనే రోజూ చీకటితోనే లేచి ఇంజిను సరిచేసేవాడు. ఖాళీ గేలాలు లాగీ లాగీ ఇద్దరి భుజాలూ పట్టేశాయి.

చివరికి ఒక మబ్బుపట్టిన పొద్దున తాడు బరువెక్కింది. లాగుతుంటే ముందు ఒక వెండి పళ్లెం తళుక్కుమంది, ఆ పక్కనే ఎరుపు. మామయ్య కొక్కెం వేసి, ఇద్దరూ కలిసి పడవలోకి దొర్లించారు. తెల్లచుక్కలున్నాయి, బోసినోరు ఉంది. మామయ్య దాని వంక చూస్తూ, "ఓరి మా బావా" అన్నాడు మెల్లగా.

ఆమె గ్లౌజు లాగేసి దాని డొక్క మీద చెయ్యి వేసింది. వెచ్చగా ఉంది! పిడికిలి బిగించి, విప్పి, మళ్లీ వేసింది. అప్పుడే ఎవరో లేచి వెళ్లిన పక్క. ఇన్నేళ్ల మాట ఆమె అరచేతి కింద కొట్టుకుంటోంది.

"మామయ్యా, వెచ్చగా ఉంది! నాన్న చెప్పింది నిజం!" ఆమె ఏడుస్తోంది. ఏడుస్తూనే చేపను ఎత్తింది, ఐసు పెట్టెలోకి దించింది, రెండు చేతులతో ఐసు తోడి దాని మీద పోసింది, మూత బిగించింది. అప్పుడు ఊపిరి పీల్చుకుంది. అంతా చేతులే చేసుకుపోయాయి, ఆమెను అడగలేదు. మామయ్య కొక్కెం పక్కన పెట్టి గ్లౌజులు తీసేసరికి పెట్టె మూసి ఉంది.

ఒడ్డు కనబడుతుండగా తానేం చేసిందో ఆమెకు ఒక్కసారిగా తెలిసింది. మూత తీసి, ఐసు దోసిళ్లతో పారబోసి, చేప మీద చెయ్యి వేసింది. రాయిలా చల్లగా ఉంది. గోనెసంచుల్లో చుట్టి తెచ్చి ఉంటే అంత పెద్ద ఒళ్లు కాస్త వేడైనా దాచుకునేదేమో. ఆమె తన కోటు విప్పి దానికి కప్పి, మీద పడి కౌగిలించుకుని కూర్చుంది.

"చచ్చినదానికి జ్వరం తెప్పిస్తావా తల్లీ?" అన్నాడు మామయ్య. ఎప్పటిలా నవ్వుదామనుకున్నాడు గాని నవ్వు రాలేదు.

మామయ్య పడవ కడుతుంటే ఆమె చేపను తోపుడుబండి మీద ఇంటికి తెచ్చి, మంచం పక్కన బల్ల మీద పెట్టింది. తండ్రిని లేపి కూర్చోబెట్టి, ఆయన చెయ్యి పట్టుకుని దాని మీద పెట్టింది. ఆయన వేళ్లు రెక్క పొడవునా నడిచాయి, గుండ్రటి అంచు చుట్టూ తిరిగాయి, నోట్లోకి వెళ్లి బోసి చిగుళ్ల మీద ఆగాయి. ఆయన మొహం వెలిగిపోయింది.

"ఇదేనమ్మా. ఇదే అది."

తర్వాత అరచేయి చాచి డొక్క మీద వేశాడు. చాలాసేపు అలాగే ఉంచాడు. వెలుగు మెల్లగా దిగిపోయింది.

"చల్లగా ఉంది" అన్నాడు.

"ఐసులో పెట్టాను నాన్నా, అలవాటు కొద్దీ పెట్టేశాను. పడవలోకి రాగానే చూశాను, వెచ్చగా ఉంది. నీ మీద ఒట్టు."

ఆయన ఆమె తల నిమిరాడు. "వేడినీళ్లు పోయలేదు, ఈసారి మాటలు పోస్తున్నావు. ఫరవాలేదమ్మా. చేప అదే. వెచ్చదనమే నా చేతుల మాయ. తెలిసింది, చాలు."

"కాదు నాన్నా!"

"ఈ మాట ఎవరితోనైనా అన్నావా?"

"మామయ్యతో అన్నాను."

ఆయన కళ్లు మూసుకున్నాడు. అప్పుడే మామయ్య లోపలికొచ్చి, చేప మీద చెయ్యి వేసి, "చల్లగానే ఉంది కదా బావా?" అన్నాడు. వెక్కిరింపుగా కాదు, పాపం, నిజంగానే అడిగాడు.

"ఇప్పుడే చల్లారిందిరా" అన్నాడు ఆయన. "తెచ్చినప్పుడు వెచ్చగా ఉంది. అమ్మాయి చెప్పింది నిజం. నా చేత్తో చూశాను."

మామయ్య మంచం కోడు పట్టుకుని కింద కూలబడ్డాడు. "ఎంత మాట అన్నాను బావా, ఎన్నేళ్లు అన్నాను. రేపు రేవులో అందరి ముందూ చెబుతాను" అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆయన జీవితమంతా చెప్పిన నిజాన్ని రేవులో ఒక్కడూ నమ్మలేదు. కూతురికి తన పేరు అంటకూడదని ఆయన ఆడిన ఒక్క అబద్ధాన్ని మాత్రం బావమరిది వెంటనే నమ్మేశాడు. చేప వెచ్చగా ఉండటం నిజమేనని ఆయనకు తెలియదు. ఇక తెలియజెప్పే దారీ లేదు.

ఆమె ఆయన చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. చేపను తడిమి తడిమి ఆ చెయ్యి చల్లబడి ఉంది. ఆమె కన్నీళ్లు ఆగకుండా కారుతున్నాయి.

"ఏడవకే పిచ్చిదానా, మీ నాన్న గెలిచాడు" అన్నాడు మామయ్య.